గోడలో తోట

ఏప్రిల్ 3, బుధవారం

ఎవెలియో ఇవాళ పొద్దున వెళ్లాడు. వెళ్లే ముందు నా తలుపు తట్టాడు. తట్టి, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడిలా రెండడుగులు వెనక్కి వెళ్లి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మాకు విడాకులై ఆరేళ్లు. ఆరేళ్లుగా ఒకే కప్పు కింద గోడకి అటు అతను, ఇటు నేను. మా కమగ్వే ఊళ్లో విడిపోయిన ప్రతివాళ్లకీ ఇంకో ఇల్లు ఎక్కణ్ణుంచి వస్తుంది? అందరిలాగే మేమూ ఇంటికి అడ్డంగా గోడ కట్టుకున్నాం. వీధిలోకి అతనికో తలుపు, నాకో తలుపు.

కంటి ఆపరేషన్లట. ముందు కుడి కన్ను, నెల తర్వాత ఎడమది. ఈలోగా నువీతాస్ ఊళ్లో వాళ్లక్క ఒనేలియా ఇంట్లో ఉంటాడట, చుక్కలు వెయ్యడానికి ఒక మనిషి కావాలి కదా. రెండు నెలలు పడుతుందన్నాడు. ఇదంతా నా భుజం పక్కనున్న గోడకి చెప్పాడు. నా వైపు తిరిగినా కనబడేదాన్ని కాదేమో. పొర అంత ముదిరిందని ఎదురింటి జెనైదా చెప్పింది.

తాళంచెవి ఇచ్చాడు, మడతపెట్టిన కాగితం ఇచ్చాడు. మా మధ్య గోడలో ఉన్న చేపల ట్యాంక్ చూసుకోమన్నాడు. సరే అన్నాను. అంతటితో పోవచ్చుగా. మొక్కలు చచ్చిపోతే బెంగపెట్టుకోకు, ఒకాయన సిమెంటు ఇస్తానన్నాడు, వచ్చాక ట్యాంక్ తీసేసి గోడలో ఆ కన్నం మూసేస్తా, నీకూ పీడా వదుల్తుంది అన్నాడు.

మూసెయ్ అన్నాను. నోటికి అదే వచ్చింది.

అతను మలుపు తిరిగాడో లేదో జెనైదా ఊగుడుకుర్చీలోంచే కేకేసింది. ఏమే మిగ్దా, తాళంచెవులు చేతులు మారుతున్నాయి, మళ్లీ పెళ్లా? కేకు నాకు పెద్ద ముక్క ఉంచు అంది. దాని నోటికి తాళం లేదు.

ఏప్రిల్ 3, సాయంత్రం ఆరు

ఈ నోట్‌బుక్‌లో సగం కొలతలే. నడుములు, భుజాలు, గౌను పొడవులు. మిగతా సగం ఖాళీగా ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

కాగితం విప్పాను. అక్షరాలు బొద్దింకలంత ఉన్నాయి, ఒక లైను ఇంకో లైను మీదకెక్కింది. లైట్ పదింటికి వెయ్యి, ఆరింటికి తియ్యి, ఎక్కువొద్దు. ఆదివారం ఒక్క బకెట్ తీసి ఒక్క బకెట్ పొయ్యి, కుళాయి నీళ్లు, మూడు రోజులు మూత లేకుండా ఉంచినవి. పంచదార సీసా పదిహేను రోజులకోసారి మార్చు. మేత చిటికెడు. రాలిన ఆకులు తీసెయ్యి. పాచి పడితే లైట్ తగ్గించు, మందులు వెయ్యకు. ఊరికే చెయ్యి పెట్టకు. ఆఖరి లైను కింద రెండు గీతలు గీశాడు: ఏం జరిగినా సరే, మొక్క పీకొద్దు.

ఆ రెండు గీతలూ నాకోసమే. పెళ్లైన కొత్తలో అతను వేసుకున్న కొత్తిమీర మడిని కలుపనుకుని మొత్తం పీకేశాను. ముప్పై ఏళ్లైనా మర్చిపోలేదు మహానుభావుడు.

ఏప్రిల్ 5, శుక్రవారం

లైటు స్విచ్చి అతని వైపుంది. ట్యాంక్ మూత కూడా అతని వైపే తెరుచుకుంటుంది. నా వైపు మూతకి నాలుగు మేకులు కొట్టింది నేనే, గోడ కట్టిన వారంలో. కాబట్టి రోజూ నా తలుపులోంచి వీధిలోకెళ్లి, ఆరడుగులు నడిచి, అతని తలుపు తియ్యాలి. రోజూ జెనైదా చూస్తుంది. మొగుడింటికి ఇంత దగ్గర దారి మా ఊళ్లో ఎవరికీ లేదు అంటుంది.

అతని సగంలో నేను అడుగుపెట్టడం ఇదే మొదలు. శుభ్రంగానే ఉంది. మంచం, విప్పి పెట్టిన రేడియోలు, ట్యాంక్ ముందు ఒక కుర్చీ. ట్యూబ్‌లైట్ వెనకాల పాలపొడి డబ్బా రేకు సాపుచేసి బిగించాడు, వెలుగు వృథా పోకుండా. పంచదార, ఈస్టు కలిపిన నీళ్ల సీసా ఒకటి, దాని మూతలోంచి ఆసుపత్రి సెలైన్ గొట్టం ట్యాంక్‌లోకి. ఒక్కో బుడగా పైకొస్తుంది. మొక్కలకి ఆ గాలే తిండట. కొన్న వస్తువు ఒక్కటీ లేదు. అడుగున ఏటి ఒడ్డు ఎర్రమన్ను, దాని మీద ఇసుక. ఆ మన్ను జల్లించింది నా మేజోళ్లతో. అవి కనబడక నెలరోజులు వెతుక్కున్నాను అప్పట్లో.

రేషన్ పంచదారంతా ఈ సీసాకే పోతోందన్నమాట. ఎవెలియో చేదు కాఫీ తాగుతున్నాడని జెనైదా అంటే షుగర్ జబ్బేమో అనుకున్నాను.

ఏప్రిల్ 7, ఆదివారం

ఒక బకెట్ తీశాను, ఒక బకెట్ పోశాను. ఎవరూ చావలేదు.

ఏప్రిల్ 10, బుధవారం

ఈ ట్యాంక్ అద్దాలు మా అమ్మవి. పింగాణీ గిన్నెల బీరువాకి రెండు పెద్ద అద్దం తలుపులుండేవి, మందంగా, అంచుల్లో చెక్కుడుతో. నేను కుట్టుపని మీద ఊళ్లోకి వెళ్లొచ్చేసరికి బీరువా బోసిగా నిలబడి ఉంది. హాలు మధ్యలో ట్యాంక్. అద్దాలు దొరకవు మిగ్దా, మీ అమ్మ గిన్నెలకి అద్దాలెందుకు అన్నాడు. మా ఆఖరి పోట్లాట అదే. అసలు పోట్లాటలు అంతకు ముందు పదేళ్లవి, అతను మాట్లాడకపోవడం గురించి, నేను ఆగకుండా మాట్లాడడం గురించి. కానీ ఇల్లు వదిలి మా పిన్ని దగ్గరికి వెళ్లింది ఆ అద్దాలకోసమే.

జడ్జి దగ్గర సామాన్ల జాబితా రాస్తుంటే ట్యాంక్ ఎవరిదని అడిగారు. నీళ్లు అతనివి, అద్దాలు నావి అన్నాను. గుమాస్తా నవ్వాడు. జాబితాలో ఆ గడి ఖాళీగా వదిలేశారు.

గోడ అతనే కట్టాడు, పదకొండు రోజులు. ట్యాంక్ కదిలించడం కష్టమని దాని చుట్టూ కట్టుకుంటూ వెళ్లి, పైన చెక్క దూలం వేశాడు. చివర్లో ట్యాంక్ ఖాళీ చేసి ఆ కన్నం పూడుస్తానన్నాడు. ఆ చివరికొచ్చేసరికి సిమెంటు అయిపోయిందన్నాడు. ఈ దేశంలో సిమెంటు అయిపోయిందంటే ఇక అడిగేదేముంది. అలా ట్యాంక్ గోడలోనే ఉండిపోయింది. మొక్కలు అద్దం నిండా దట్టంగా పెరిగాయి. అటుది ఇటు కనబడదు, ఇటుది అటు కనబడదు. వేరే కర్టెన్ అక్కర్లేకపోయింది.

ఏప్రిల్ 17, బుధవారం

సాన్ హువాన్ పండక్కి మా వీధి నాట్యబృందం వాళ్లు ఇరవై రెండు కుచ్చుల పరికిణీలు కుట్టమన్నారు. ఒక్కోదానికి ఏడు వరసల కుచ్చులు. నా బల్బు గుడ్డిది. ట్యాంక్ లైట్ తీసెయ్యకపోతే మిషన్ మీద చక్కటి వెలుగు పడుతోంది. పొద్దున ఏడింటికే వేసి, పనయ్యేదాకా ఉంచుతున్నాను. మొక్కలక్కూడా మంచిదేగా, వెలుగంటే ఏ మొక్కకి చేదు?

ఏప్రిల్ 25, గురువారం

ఆకుల మీద పచ్చటి జుట్టు మొలిచింది. ముట్టుకుంటే జిగురు. నీళ్లు బఠాణీ సూప్ రంగులోకి తిరిగాయి, చేపలు ఎక్కడున్నాయో తెలియడం లేదు. పంచదార ఎక్కువేశానేమో అని సగం తగ్గించాను. జెనైదా వచ్చి చూసి, నీళ్లలో కాసింత బ్లీచు పొయ్యవే, నా బాత్‌రూం అలాగే తెల్లబడింది అంది. దాన్ని బయటికి తోశాను.

ఏప్రిల్ 28, ఆదివారం

రైలు స్టేషన్ వెనకాల ఆర్సెనియో అనే ముసలాయన ఉన్నాడు. ఊళ్లో చేపలు పెంచేవాళ్లంతా ఆదివారాలు అతని పెరట్లోనే చేరతారు, సీసాల్లో చేపలు, తడి కాగితాల్లో మొక్కలు పట్టుకుని. ఎవెలియో నోట విన్న పేరే. వెళ్లాను. కూర్చోవడానికి దిండులా ఉన్న ఒక బూడిదరంగు రాయి చూపించాడు. దాని మీదున్న గప్పీ చేపపిల్లల సీసాలు జరిపి చోటిచ్చాడు.

నేనెవరో చెప్పకముందే, ఎవెలియో పెళ్లానివి కదూ అన్నాడు. ఒకప్పుడు అన్నాను. సరేలేమ్మా, నీళ్లెలా ఉన్నాయి చెప్పు అన్నాడు.

చెప్పాను. లైట్ ఎన్ని గంటలు అని అడిగాడు. పధ్నాలుగు అన్నాను. తల పట్టుకున్నాడు. అమ్మా, వెలుగు నువ్వు మొక్కకి వడ్డిస్తున్నావనుకుంటున్నావు, పాచి వచ్చి పంక్తిలో ముందు కూర్చుంటోంది అన్నాడు. మూడు రోజులు ట్యాంక్‌కి నల్లగుడ్డ కప్పెయ్యి, తర్వాత ఎనిమిది గంటలకి ఒక్క నిమిషం మించొద్దు, పంచదార మళ్లీ మామూలుగా వెయ్యి, ఆకుల మీది జుట్టు వేళ్లతో నెమ్మదిగా తుడువు. ఖర్చేం లేదు, ఓపికే కావాలి అన్నాడు. నాకు లేనిది అదేనని అతనికెవరు చెప్పారో.

మే 2, గురువారం

గుడ్డ తీశాను. జుట్టు సగం పోయింది. నీళ్లు మాత్రం ఇంకా మసకే.

ఎవెలియో జెనైదా ఇంటికి ఫోన్ చేశాడు. నన్ను పిలిపించాడు. కుడి కన్ను అయిందట, ఎదురు డాబా మీద ఆరేసిన బట్టల్లో చారలు లెక్కపెట్టగలుగుతున్నాడట. మొక్కలెలా ఉన్నాయి అన్నాడు. నిక్షేపంలా ఉన్నాయి అన్నాను. నీ గొంతు అలా లేదే అన్నాడు. ఫోన్ లైను బాగాలేదన్నాను. జెనైదా పక్కనే నిలబడి కళ్లు తిప్పుతోంది.

అబద్ధమెందుకు చెప్పానో నాకే తెలియదు. చస్తే చావనీ, మూసేస్తే పోయె అన్నదాన్నేగా.

మే 4, శనివారం

మే నెల మొదటి వాన! మూడింటికి మొదలైంది. వీధంతా బయటికొచ్చింది. జెనైదా నైటీలోనే, చేతిలో సబ్బుతో. ముసలాళ్లని కుర్చీల్తో సహా తెచ్చి చూరు కింద కూర్చోబెట్టారు. మా అమ్మ మమ్మల్ని ఇలాగే నిలబెట్టేది, ఏడాది పొడవునా ఒంట్లో ఉన్న చెడంతా ఈ వానకి దిగిపోతుందని. నేనూ తడిశాను, యాభై ఆరేళ్ల వయసులో గంతులేశాను.

ఇంట్లోకొచ్చి చూస్తే పెరట్లో చూరు కింది పెద్ద మట్టి బాన పొంగిపొర్లుతోంది. మా ముత్తవ్వ నాటి బాన అది, భాగాల్లో నాకొచ్చింది. చల్లటి, మెత్తటి నీళ్లు. ఇటు చూస్తే ట్యాంక్‌లో ఆ మసక నీళ్లు. మనుషులకింత మంచి చేసే వాన మొక్కలకి చెయ్యదా? కాగితంలో ఒక్క బకెట్ అనే ఉంది, నిజమే. అది కుళాయి నీళ్ల సంగతి. ఇది మే వాన.

వీధిలోంచి మొయ్యలేక నా వైపు మూత మేకులు నాలుగూ ఊడపీకాను. తుప్పు పట్టి ఉన్నాయి, ఏడ్చుకుంటూ వచ్చాయి. ఆరు బకెట్లు తీశాను, ఆరు బకెట్లు పోశాను. అడుగున నాలుగు వేళ్ల ఎత్తు పాతనీళ్లు మాత్రం మిగిలాయి. ఇప్పుడు ట్యాంక్ చూస్తే లోపల నీళ్లే లేనట్టుంది, అంత తేట. వచ్చాక చూడనీ. ఎవరికి చేతకాదన్నాడో అప్పుడు మాట్లాడదాం.

మే 5, ఆదివారం

గప్పీలు రెండు చచ్చిపోయాయి. మిగతావి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మొక్కలు బాగానే ఉన్నాయి.

మే 7, మంగళవారం

ఆకులకి చిల్లులు పడుతున్నాయి. పొద్దున ఒకటి రెండు, మధ్యాహ్నానికి పాతిక. ముట్టుకుంటే వేళ్ల మధ్య గంజిలా జారిపోతున్నాయి. కాడలు కూలబడి అద్దానికి అంటుకుంటున్నాయి.

మే 8, బుధవారం

మొత్తం పోయింది.

మే 9, గురువారం

కుళ్లినదంతా గరిటెతో తోడేశాను, రెండు పళ్లేలు. ఇప్పుడు ట్యాంక్‌లో ఇసుక, అందులోంచి పొడుచుకొచ్చిన మొండి మొదళ్లు, బిక్కచచ్చిన చేపలు. అంతే.

అద్దంలోంచి అతని గదంతా కనబడుతోంది. మంచం, గోడ మీద ఏప్రిల్ దగ్గరే ఆగిన క్యాలెండరు, కుర్చీ. నా మిషన్ స్టూలు మీద కూర్చుని చూశాను. ఆ కుర్చీ సరిగ్గా నాకెదురుగా ఉంది. మధ్యలో ఒక బారెడు కూడా లేదు. ఆరేళ్లు రోజూ ఇంత దగ్గర కూర్చున్నామన్నమాట, నేను కుచ్చులు కుడుతూ, అతను ఆకులు చూస్తూ.

కుర్చీ మీది మెత్త నేను కుట్టిందే. చేతి కింద చెక్క అరిగిపోయి ఉంది.

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. పొద్దున పదింటికి ఆ లైట్ పడితే నా మిషన్ మీద పచ్చటి వెలుగు వచ్చేది. హమ్మయ్య, లేచాడు, బతికే ఉన్నాడు అనుకుని పని మొదలుపెట్టేదాన్ని. ఒక్కరోజు పది దాటి పావుగంటైతే వెళ్లి తలుపు బాదుదామని చెప్పులేసుకున్నాను కూడా. అంతలో వెలిగింది. ఆ కన్నం మూసెయ్యడం నాకిష్టం లేదు. ఏ రోజూ ఇష్టం లేదు. మూసెయ్ అన్న నోటిని ఏం చెయ్యాలి ఇప్పుడు?

మే 12, ఆదివారం

అమ్మల పండగ. వీధి నిండా కేకులు చేతుల మీద పట్టుకుని నడిచే మనుషులు. పొద్దున అమ్మ సమాధికి పువ్వులు పెట్టొచ్చాను. నీ అద్దాలు జాగ్రత్తగానే ఉన్నాయమ్మా, లోపలున్నవే చచ్చాయి అని చెప్పాను.

ఇంటికొచ్చి చేతులు పైకి మడిచాను. కుళ్లిన మొదళ్లు చూసి అతను బాధపడేకంటే ఖాళీ ట్యాంక్ చూడ్డమే నయం, అన్నీ తీసేద్దామనుకున్నాను. ఒకటి పట్టుకుని లాగాను. రాలేదు. గట్టిగా లాగాను. మూరెడు వేరుతో వచ్చింది. తెల్లగా, బలంగా, ఇసుకని పట్టుకుని. కుళ్లు వాసన లేదు. చచ్చినదాని వేరు అలా ఉంటుందా?

అప్పుడు గుర్తొచ్చాయి ఆ రెండు గీతలు.

దాన్ని జామ్ సీసాలో వేసుకుని, తడిచేతులతో ఆర్సెనియో ఇంటికి పరిగెత్తాను. మళ్లీ ఆ రాతి మీదే కూర్చోబెట్టాడు. వేరు వెలుగులో పెట్టి చూశాడు. ఏం పోశావమ్మా అన్నాడు. మే వాన అన్నాను. ఎన్ని బకెట్లు అన్నాడు. ఆరు అన్నాను. నవ్వడానికి ముందు సీసా కింద పెట్టాడు, పగలగొట్టకుండా.

మన ఊరి కుళాయిలో వచ్చేది సున్నం నీళ్లమ్మా, ఈ క్రిప్టో మొక్కలు ఆరేళ్లు ఆ సున్నానికే అలవాటు పడ్డాయి, మంచివే కానీ వేరే నీళ్లు ఒక్కసారిగా పోస్తే బెదిరిపోతాయి అన్నాడు. ఆకులన్నీ వదిలేసుకుని వేళ్లలోకి పోయి దాక్కుంటాయట. చచ్చిపోయాయని అందరూ పీకి పారేస్తారట, అప్పుడు నిజంగా చస్తాయట. పీకావా అన్నాడు. ఒక్కటి అన్నాను. ఇది మళ్లీ పాతెయ్యి, మిగతావాటి జోలికెళ్లకు. ఆదివారం ఒక బకెట్ కుళాయి నీళ్లు, అంతే. మూడు వారాలు చేతులు కట్టుకుని కూర్చో అన్నాడు.

చేతులు కట్టుకుని. నేను.

మే 19, ఆదివారం

ఒక బకెట్ తీశాను, ఒక బకెట్ పోశాను. ఏం లేదు.

మే 22, బుధవారం

ఏం లేదు. పధ్నాలుగో పరికిణీ అయింది.

మే 27, సోమవారం

పొద్దున పదింటికి లైట్ వేసి చూస్తే ఇసుకలోంచి సూది మొనలాంటిది ఒకటి. గోధుమరంగు, చుట్టుకుని ఉంది. భూతద్దం పెట్టి చూశాను. ఆకే! సాయంత్రం ఆరింటికి లైట్ తీసేలోపు ఇంకో మూడు లెక్కపెట్టాను. నేను పీకి పాతినదానికి కూడా ఒకటొచ్చింది. జెనైదాని లాక్కొచ్చి చూపించాను. దీనికోసమా వీధిలో అలా అరిచావు, ఎవరైనా పోయారేమో అనుకున్నా అంది. పోయినవి వచ్చాయే అన్నాను.

జూన్ 1, శనివారం

వచ్చేశాడు. చెప్పకుండా, రెండు రోజులు ముందే.

పదిహేడో పరికిణీ కుడుతున్నాను. అటువైపు తలుపు చప్పుడైంది. తలెత్తాను. నల్లకళ్లద్దాలు, చేతిలో సంచి, గది మధ్యలో నిలబడి ట్యాంక్‌కేసి చూస్తున్నాడు. కొత్త ఆకులు వేలెడైనా లేవు, దేన్నీ దాచలేవు. ఏప్రిల్‌లో గుమ్మంలో నా పక్క గోడని చూసిన మనిషి, ఇప్పుడు కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. జుట్టు రంగు వేసుకుని మూడు నెలలైంది నాకు. నోట్లో గుండుసూదులున్నాయి.

నిక్షేపంలా ఉన్నాయన్నావు అని అనలేదు. నేను సూదులు ఒక్కోటే తీసి పరికిణీకి గుచ్చాను.

జూన్ 2, ఆదివారం

అతని వైపు అద్దానికి ముదురు నీలం దుప్పటి వేలాడుతోంది. పైనుంచి కింద దాకా, ఒక్క సందు లేకుండా.

అయిపోయింది. రేపోమాపో ఇటుకలొస్తాయి.

జూన్ 6, గురువారం

అతను పొద్దున ఎక్కడికో వెళ్లాడు. ఆర్సెనియో ఇంటికట, జెనైదా చెప్పింది. అంటే సిమెంటు ఇస్తానన్నది ఆర్సెనియోనే. నా మొక్కల్ని బతికించిన ముసలాయనే! నాకు ఒళ్లు మండింది. తర్వాత మంట పోయి ఏడుపొచ్చింది. పరికిణీకి ఆరో వరస తలకిందులుగా కుట్టి మళ్లీ విప్పాను.

జూన్ 9, ఆదివారం, మధ్యాహ్నం

ఆర్సెనియో దగ్గరికి వెళ్లాను. కూర్చోకుండానే అడిగేశాను, ఎవెలియోకి సిమెంటు ఇవ్వొద్దు అని. ఏ సిమెంటు అన్నాడు. కన్నం మూయడానికి మీరిస్తానన్నదే అన్నాను. ఆ మొక్కలు చావలేదు, కావాలంటే వచ్చి చూడండి, ఒక్కోటి వేలెడొచ్చింది, నేను మూసెయ్ అన్న మాట నిజమే కానీ అది ఉత్తినే నోటికొచ్చింది. ఇలా చాలా మాట్లాడాను. పెరట్లో చేపలు కొనేవాళ్లంతా సీసాలు పట్టుకుని వింటున్నారు.

ఆయన ఆ దిండులాంటి రాతి మీది సీసాలన్నీ ఒక్కోటే దించాడు. చూడమ్మా అన్నాడు. దగ్గరికెళ్లి చూశాను. రాయి కాదది. సంచి ముడతలు కనబడుతున్నాయి, మూల కుట్టు కూడా.

ఆరేళ్ల కింద మీ ఆయనకి రెండు సిమెంటు సంచులిచ్చాను, పదకొండో రోజు ఒకటి ముడి విప్పకుండా తోపుడుబండి మీద వెనక్కి తెచ్చాడు అన్నాడు. ఇక అక్కర్లేదన్నాడట. కన్నం మిగిలిందిగా అంటే, మిగలనీ అన్నాడట. ఒక వానాకాలం గడిచేసరికి అది రాయైపోయింది. నువ్వు రెండుసార్లు దాని మీదే కూర్చున్నావు తల్లీ అన్నాడు.

మరి దుప్పటో అన్నాను. కొత్త కళ్లకి నా పెరటివైపు నుంచి అద్దంలోంచి వచ్చే ఎండ గుచ్చుకుంటోందట, రెండు వారాలు కట్టుకోమని డాక్టరు చెప్పాడట. గురువారం ఇక్కడికొచ్చింది ఆ మాట చెప్పడానికీ, గప్పీలు రెండు తీసుకెళ్లడానికీ. చచ్చిన రెండిటి బదులు.

సాయంత్రం ఐదు

ఇంటికొచ్చి స్టూలు మీద కూర్చున్నాను. మేకులు లేని మూత పైకెత్తాను. ఆర్సెనియో పెరట్లో రాయి చూశాను అన్నాను, నీళ్ల పైనుంచి, దుప్పటి వైపు.

కుర్చీ కిర్రుమంది. ఇంకా ఉంచాడా అన్నాడు.

ట్యాంక్ ఖాళీ చెయ్యాలంటే మొక్కలు పీకాలి కదా, పీకబుద్ధి కాలేదు, అందుకే సిమెంటు అయిపోయిందన్నాను అన్నాడు. మొక్కలేనా అని నేను అడగలేదు. అడిగితే ఇంకో ఆరేళ్లు మాట్లాడకుండా కూర్చునే మనిషి. అది కాదు నేనడిగింది. మరి వెళ్లేటప్పుడు మూసేస్తానని ఎందుకన్నావు అన్నాను.

నువ్వు వద్దంటావేమో విందామని అన్నాడు.

ఏడ్చాను. అతనికి వినబడేలాగే ఏడ్చాను, దాచుకోవడానికి మధ్యలో ఆకులు కూడా లేవు. ఏడుపు ఆగాక అటునుంచి అడిగాడు, ఎన్ని బకెట్లు అని. ఆరు అన్నాను. నేను మొదటి ఏడాది నాలుగు పోశాను ముసల్దానా, మే వానే అన్నాడు. నాకు పాతికేళ్లప్పటి నుంచీ నన్ను అలాగే పిలిచేవాడు. ఇప్పుడు ఆ పిలుపు నాకు సరిపోయింది.

జూన్ 24, సోమవారం

సాన్ హువాన్. ఇరవై రెండు పరికిణీలూ వీధిలో తిరిగాయి. మూల మీద పెద్ద డేగిసాలో ఊరుమ్మడి పులుసు ఉడికింది, ఎవరింట్లో ఉన్న దుంప వాళ్లు తెచ్చి వేశారు. అతను తన తలుపులో, నేను నా తలుపులో, ఎవరి గిన్నె వాళ్లది. మూడో వరసలో నాలుగో అమ్మాయి కుచ్చు వంకరగా ఉంది అన్నాడు. కొత్త కళ్లొచ్చాయి, ఇక పడాలి. దుప్పటి పోయిన వారమే తీసేశాడు. కాఫీలో పంచదార వేసి మూత సందులోంచి ఇచ్చాను, మొహం చిట్లించి తాగాడు. అలవాటు తప్పిందట.

జెనైదా పులుసు ఊదుకుంటూ, ఇంతకీ కేకు ఎప్పుడే అంది. కేకూ లేదు, పెళ్లీ లేదు అన్నాను. గోడ ఉంది, బాగుంది, ఉండనీ.

సెప్టెంబర్ 15, ఆదివారం

ఆకులు మళ్లీ అద్దం నిండా కమ్ముకున్నాయి. అతని మొహం కనబడడం లేదు.

కాగితం తీసి మళ్లీ చదివాను. పీకొద్దని ఉంది. కత్తిరించొద్దని ఎక్కడా లేదు. చిన్న కత్తెర తీసుకుని మూత ఎత్తాను.